పంబ మోగిన పొలిమేర: నెల్లూరు సీమ జాతర వాద్యం, గ్రామారోగ్యం

మశూచి సోకినవారిని తెలుగు పల్లె రోగి అనలేదు. ‘అమ్మవారు పోసింది’ అన్నది. ఈ వాడుకలో వ్యాధిగ్రస్తుడు దోషి కాడు, దేవత అడుగుపెట్టిన ఇంటివాడు. గూడూరు-నెల్లూరు రైలుమార్గం మీది మనుబోలు, పడమటనున్న వెంకటగిరి వంటి ఊళ్లతో కూడిన పూర్వపు నెల్లూరు జిల్లాలో ఆ దేవత పోలేరమ్మ. కలరాను అంకమ్మకు ఆపాదించారు. ఈ దేవతలను పిలవడానికీ, శాంతింపజేసి సాగనంపడానికీ వాద్యమే సాధనం. కనుక ఈ సీమ ఆరోగ్య చరిత్రను వైద్యశాలల దస్త్రాలలోనే కాక పంబ మోతలోనూ వెదకవలసి ఉంది.

పంబను వాయిస్తూ, ముగ్గు వేసి అంకమ్మ కథ చెప్పే పంబలవారిని మాలలలో ఒక శాఖగా థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. 1916 నాటి వైట్‌హెడ్ గ్రంథం బలితంతును విస్తరించి వర్ణించింది. అందులో వాద్యానికి దక్కిన చోటు స్వల్పం. మిషనరీ దృష్టికి రక్తం కనిపించినంతగా లయ వినిపించలేదనుకోవాలి.

జాతర రాత్రి పంబ ఆగదు. మరణభయంతో ఎవరి తలుపు వారు మూసుకున్న ఊరు ఆ మోతకు ఒకచోట కూడుతుంది. కథ సాగినంతసేపూ భయానికి ఒక పేరు, రూపం, ఊరు దాటిపోయే దారి ఏర్పడతాయి. వేపమండలు, అంబలి, పొలిమేర కట్టుబాట్లు ఈ క్రమంలో భాగాలే. దీనిని నేటి ‘సంగీత చికిత్స’గా పేర్కొనడం తొందరపాటు. పంబ మశూచిని మాన్పలేదు. జాతరకు చేరిన జనసమూహం అంటువ్యాధిని పెంచి ఉండవచ్చు కూడా. అది నిలిపింది శరీరాన్ని కాదు, రోగి చుట్టూ ఉన్న సంబంధాలను.

మశూచిని నిర్మూలించినది టీకా. భారతదేశంలో చివరి కేసు 1975లో నమోదైంది; 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలనను ప్రకటించింది. అయినా వినాయక చవితి తరువాత వెంకటగిరిలో పోలేరమ్మ జాతర నేటికీ జరుగుతున్నది. వ్యాధి పోయినా వాద్యం మిగిలిందంటే, దాని ప్రయోజనం వ్యాధికే పరిమితం కాదన్నమాట.

ఈ ఊరట భారం ఎవరి భుజాలపై ఉన్నదన్న ప్రశ్నను జానపద పరిశోధన తరచు దాటవేస్తుంది. ‘సామూహిక స్వస్థత’ అనే మాటలోని సమూహం సమానుల సమూహం కాదు. ఊరంతటి ఆపదను తన గొంతుతో పొలిమేర దాటించిన పంబలవాని నివాసం ఊరిలో కాదు, మాలపల్లెలో.