అనుమానపు ఫైలు, తడిసిన రాతప్రతి

మా మామ చిత్తూరులో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. తిరుపతి గంగజాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాల మీద ఆయన రాసుకున్న వ్యాసాల్ని 2003లో తిరుపతిలోనే ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించాడు. పుస్తకం రాలేదు. రాతప్రతి ఒక వానాకాలం ఇంటి కప్పు కారి తడిసిపోయింది. మిగిలింది ఒక సీడీ, దాన్లో పేజ్‌మేకర్ ఫైళ్లు.

తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. విండోస్ దాన్ని పట్టించుకున్నది 2001లో ఎక్స్‌పీ వచ్చాకే. ఈలోగా డీటీపీ వాళ్లు ఊరుకోలేదు, ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో కోడు. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ‘మాతంగి’ ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలు, తోకలు ఉన్న యూరప్ అక్షరాలు వరసగా కనబడతాయి. ఫాంటూ, కీబోర్డూ పెట్టే సెటప్ ఫైలు సీడీలోనే ఉంది గానీ గీతలు పడి కాపీ కాలేదు. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. వెతగ్గా వెతగ్గా ఒక ఫ్రీ డౌన్‌లోడ్ సైటులో అదే పేరుతో ఒకటి దొరికింది. దింపగానే విండోస్ ఆపేసింది: ఇది అవాంఛిత సాఫ్ట్‌వేర్ అయ్యుండొచ్చు.

“మళ్లా టైపు కొట్టేంత ఓపిక నాకు యాడుంది నాయనా. అయినా దేన్ని చూసి కొట్టేది?” అన్నాడు మామ.

ఆ ‘అయ్యుండొచ్చు’ దగ్గర నేను ఆగిపోయాను. మేం ఇంజినీరింగ్ చదివే రోజుల్లో తిరుపతి నెట్ సెంటర్లలో పెన్‌డ్రైవ్ పెడితే ‘న్యూ ఫోల్డర్’ ఒకటి పుట్టుకొచ్చేది. బొమ్మ ఫోల్డర్‌ది, లోపల మాత్రం ప్రోగ్రామ్. విండోస్ ఫైలు పేరు చివరి మూడక్షరాలు దాచిపెట్టడంతో ఆ వేషం చెల్లిపోయేది. దాన్ని వైరస్ అనడానికి ఎవరూ జంకలేదు, రాసినవాడు ముందుకొచ్చి పరువు నష్టం అనడు కదా. చిక్కంతా ఆఫీసూ లాయర్లూ ఉన్నవాళ్లతోనే. టూల్‌బార్లు, ప్రకటనలు గుప్పించే ప్రోగ్రాములు ‘మీరే ఒప్పుకున్నారు, ఇదుగో మీరు నొక్కిన బటన్’ అనేవి. వాటి కోసం యాంటీవైరస్ కంపెనీలు పెట్టుకున్న జాగ్రత్త మాటే ఈ ‘బహుశా అవాంఛితం’.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. జాంగో అనే అమెరికన్ యాడ్‌వేర్ కంపెనీ 2006లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 30 లక్షల డాలర్లు కట్టింది. మరుసటేడే, మా సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకుంటున్నారని కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. 2009లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కాస్పర్‌స్కీకి చట్టం రక్షణ ఉందని తేల్చింది. జాంగో అప్పటికే మూతబడింది. ఇక ఏ పేరైనా పెట్టొచ్చు అనుకునేలోపు 2019లో అదే కోర్టు, ఎనిగ్మా వేసిన కేసులో, పోటీదారుని దెబ్బతీయడానికి ఆ ముద్ర వేస్తే రక్షణ ఉండదంది. అక్కడ ముద్ర వేసిన మాల్‌వేర్‌బైట్స్‌దీ, వేయించుకున్న ఎనిగ్మాదీ ఒకే వ్యాపారం. అంటే తెరమీద కనబడే ఆ హెచ్చరికలో సాంకేతికం సగమే, మిగతా సగం వ్యాపారం, కోర్టు. మనం అది చూసి జడుసుకుంటాం, లేదంటే విసుగ్గా ‘సరే’ నొక్కేస్తాం.

నేను ఫైల్ని వైరస్‌టోటల్‌కి ఎక్కించాను. 2004లో స్పెయిన్‌లోని మాలగాలో మొదలై 2012లో గూగుల్ చేతికొచ్చిన సేవ అది, ఒకే ఫైల్ని డజన్లకొద్దీ ఇంజన్లతో చూపిస్తుంది. ఎక్కువ ఇంజన్లు ఏమీ లేదన్నాయి. కొన్ని అనుమానం అన్నాయి. ఎవరి పేరు వాళ్లదే. ఓట్లు లెక్కబెట్టి తేల్చే పని కాదిది, ఒకదాని తీర్పుని ఇంకొకటి ఎత్తి రాసుకోవడమూ ఉంటుంది.

అందుకని కారణాలు చూశాను. డిజిటల్ సంతకం లేదు, ఆ కాలపు చిన్న కంపెనీలు చాలావరకు చేసేవి కావు. ఫైల్ని కుదించి ప్యాక్ చేశారు, ఫ్లాపీలో పట్టాలి మరి. దొంగలు కూడా లోపలిది కనబడకుండా అలాగే ప్యాక్ చేస్తారు. అన్నిటికంటే పెద్దది, ఇది కీబోర్డు మీద కాపు కాస్తుంది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పనే అది కదా: మీరు నొక్కిన ఇంగ్లీషు కీని పేజ్‌మేకర్ కంటే ముందే పట్టుకుని తెలుగు ముక్కగా మార్చి పంపాలి. పాస్‌వర్డులు కాజేసే కీలాగర్ చేసేదీ సరిగ్గా ఇదే, మార్చే బదులు దాచుకుంటుంది. పైగా వాడేవాళ్లు కొద్దిమంది. ఎక్కువమంది దింపుకున్న ఫైలుకే మంచిపేరు ఇచ్చే లెక్కలో తెలుగు సాఫ్ట్‌వేర్ పుట్టుకతోనే అనుమానితం. ఇది నాకు కోపం తెప్పించిన విషయం, ఇప్పటికీ.

కోపమొచ్చింది గదా అని ఫైలు మంచిదైపోదు. నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో నడిపి, ప్రాసెస్ మానిటర్‌తో అది ఏం రాస్తోందో చూశాను. ఫాంట్లు ఫాంట్ల ఫోల్డర్లోకే పోయాయి. తర్వాత, ఎవరూ అడక్కుండా, ఇంకో ఇన్‌స్టాలర్ లేచి ఎక్కడో సర్వర్ కోసం తడుముకుంది. 2015లో సోర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న చోటే గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి ప్రకటనల తొడుగు వేసి ఇచ్చారన్న గొడవ రేగింది. ఇదీ ఆ జాతే.

ఇక మూలప్రతి కావాలి. తిరుపతిలోనే వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు అన్నమయ్య రాగిరేకులు ముందేసుకుని చేసిన పనితో దీన్ని పోల్చడం అతిగా ఉంటుందేమో గానీ, ప్రక్షిప్తం అనే మాట నాకు ఇంతకంటే సూటిగా ఎన్నడూ అర్థం కాలేదు. ఆ డీటీపీ సెంటర్ ఇప్పుడు లేదు. అక్కడ పనిచేసినాయన వేరేచోట జెరాక్స్ షాపు పెట్టుకున్నాడు, ఆయన అటక మీద అదే సెటప్ సీడీ, గీతలు లేనిది. రెండు ఫైళ్లకీ హాష్ తీశాను. కలవలేదు. డౌన్‌లోడ్ చేసింది సైజులో కూడా పెద్దది. దాని తొడుగు విప్పి, లోపలున్న సెటప్‌కి విడిగా హాష్ తీస్తే సీడీలో ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలిసింది.

ఆ సీడీ ఫైలు కూడా కొన్ని ఇంజన్లకి ఇంకా అనుమానమే. దాన్ని నెట్ లేని ఆ మెషీన్‌లోనే ఉంచేశాను. ‘బైరాగి వేషం’ వ్యాసం మొదటి పేజీ తెరిచి ఫొటో తీసి పంపితే, మామ అర్ధగంటకి ఫోన్ చేశాడు. రెండో పేరాలో ‘తోటి’కి దీర్ఘం పడలేదంట, అప్పట్లోనే దిద్దమని చెప్పినా ఆపరేటరు దిద్దలేదంట.