టీవీలో బొమ్మ నిలవకపోతే

టీవీ చరిత్ర ఎవరు రాసినా తేదీలు చెబుతారు, సీరియళ్ల పేర్లు చెబుతారు. ఆ బొమ్మ తెర మీద నిలబడటానికి ఇంట్లో ఆడవాళ్లు ఏం చేశారో మాత్రం ఎక్కడా కనిపించదు. అందుకే ఈసారి ఆ సంగతి రాస్తున్నాను.

ముందు ఆ తేదీలు కూడా చూద్దాం. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తెలుగు పల్లెలకు 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా వచ్చింది. ‘సైట్’ అనే ఆ ప్రయోగం ఏడాది పాటు 6 రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో నడిచింది, అందులో మన రాష్ట్రమూ ఉంది. కోళ్ల గూటికి కొట్టే వలతో చేసిన 3 మీటర్ల గొడుగు ఆ టీవీకి యాంటెన్నా! హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1982లో రంగులొచ్చాయి. 1984లో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక టీవీ లేని ఇల్లు వెలితిగా అనిపించే రోజులొచ్చాయి.

మేం అప్పుడు సికింద్రాబాద్‌లో ఉండేవాళ్లం. 1986లో కొన్న మా నలుపు తెలుపు టీవీకి చెక్క తలుపులు, తాళం కూడా ఉండేవి. కొన్నది నాన్న, దాని జబ్బులు తెలిసింది అమ్మకి. ఎందుకంటే మెకానిక్ వచ్చేది పగటి పూట, నాన్న ఆఫీసులో ఉన్నప్పుడు. అతను వెనక కూర్చుని స్క్రూలు తిప్పుతుంటే ముందు బొమ్మ కనపడదు కదా! అందుకని ఎదురుగా అద్దం పట్టుకోమనేవాడు. గోడకున్న బొట్టు పెట్టుకునే అద్దం తీసి అమ్మ పట్టుకునేది. పట్టుకుని ఊరుకోకుండా, “ఇదేంటి తమ్ముడూ? అది తిప్పితే ఏమవుతుంది?” అని అడుగుతూనే ఉండేది.

అలా తెలుసుకున్నదే మాకూ చెప్పింది. ఆ టీవీలో బొమ్మ ఒక్కసారిగా పడదు. వాకిలి ఊడ్చినట్టు ఒక కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీస్తూ పోతుంది. మొత్తం 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. ఎక్కడ మొదలుపెట్టాలో స్టేషన్ నుంచి సైగ వస్తుంది. టీవీ ఆ సైగతో కాలు కలపలేకపోతే బొమ్మ పైకో కిందికో దొర్లుతుంది. దానికి వెనకున్న వర్టికల్ హోల్డ్ మెల్లగా తిప్పాలి. బొమ్మ ఏటవాలు చారలుగా చీలిపోతే హారిజాంటల్ హోల్డ్ తిప్పాలి.

బొమ్మ చెడితే అమ్మ ముందు గోడ అవతలి పిన్నిగారిని పిలిచి, “మీకూ ఇలాగే వస్తోందా?” అని అడిగేది. వాళ్లకీ అంతే అయితే తప్పు స్టేషన్‌ది. కాసేపట్లో “అంతరాయానికి చింతిస్తున్నాము” బోర్డు వచ్చేది. మాకు మాత్రమే అయితే బొమ్మని బట్టి చూసుకునేది. చుక్కలు చుక్కలుగా ఉంటే యాంటెన్నా దగ్గరో, వైరు దగ్గరో లోపం. వానలో తడిస్తే ఆ బద్ద వైరుకి బలం తగ్గేది. ఒక మనిషి పక్కన ఇంకో నీడ మనిషి కనిపిస్తే, ఎదుటి మేడకి తగిలిన సిగ్నల్ కాస్త ఆలస్యంగా వస్తోందని అర్థం. యాంటెన్నా తిప్పడానికి అన్నయ్య డాబా ఎక్కేవాడు. “వచ్చిందా?” “ఇంకొంచెం!” “అయ్యో, పోయింది!” ఈ కేకలు వీధంతా వినపడేవి. బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోతే కరెంటు తక్కువుందని స్టెబిలైజర్ చూసేది. పైన ఒక్కటి చరిస్తే బాగయ్యే టీవీలో ఎక్కడో టంకం విడిపోయి ఉంటుంది. దాన్ని అంటించాలి గానీ రోజూ కొట్టకూడదు.

1988లో ఒక శనివారం సాయంత్రం బొమ్మంతా పోయి తెర మధ్యలో తెల్లటి అడ్డగీత ఒక్కటే మిగిలింది. తెల్లారితే రామాయణం! ఒక మెకానిక్ వచ్చి చూసి, పిక్చర్ ట్యూబ్ పోయింది, మార్చాలన్నాడు. టీవీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. నాన్న ముఖం పాలిపోయింది. అమ్మ తలుపు దగ్గర నుంచే, “ట్యూబ్ పోతే ఆ గీత మాత్రం ఎలా వెలుగుతుందండీ?” అంది.

“నీకేం తెలుసు, ఊరుకో” అన్నారు నాన్న. అమ్మ ఊరుకోలేదు. గీత పడ్డ చోట తెర కాలకుండా టీవీ కట్టేసి, అద్దం పట్టించే పాత మెకానిక్‌కి కబురు పెట్టింది. అతను వచ్చి అమ్మ మాటే నిజమన్నాడు. ట్యూబ్ బాగానే ఉంది. కిరణాన్ని పైకీ కిందికీ లాగే భాగంలో ఒక ట్రాన్సిస్టర్ కాలిపోయింది, అంతే. ఆదివారం రామాయణం మా ఇంట్లోనే చూశాం. నాన్న పైకేమీ అనలేదు గానీ, ఆ తర్వాత ఏది పాడైనా ముందు అమ్మనే అడిగేవారు.

ఇన్ని తెలిసినా అమ్మ వెనక మూత మాత్రం ఎప్పుడూ విప్పలేదు. పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులుంటాయి, ప్లగ్గు తీసినా కొంతసేపు నిలిచి ఉంటాయి. మీ ఇంట్లో అటక మీద అలాంటి పాత టీవీ ఇంకా ఉంటే పిల్లల్ని విప్పనివ్వకండి. ఆ గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఇప్పటి టీవీలకి తిప్పే మరలు లేవు, బోర్డు మార్చడమే. అయినా మా ఇంట్లో వాషింగ్ మెషీన్ మొరాయించినా, ఫ్రిజ్ చల్లబడకపోయినా నేను అమ్మ పద్ధతే పాటిస్తాను. ఏం పోయిందో మనకి తెలియకపోవచ్చు. ఎప్పటి నుంచి, ఎలా అవుతోంది, ఇంకా ఏది బాగా పనిచేస్తోంది అన్నవి చూసి పెట్టుకుంటే చాలు, వచ్చినవాడు ఏది చెబితే దానికి తలూపాల్సిన అవసరం ఉండదు.