ప్రౌట్ గీసిన పాత గోడలు

లండన్ వచ్చిన కొత్తల్లో ఒక సంగతి నాకు బొత్తిగా అంతుపట్టలేదు. ఇక్కడి మ్యూజియంలలో రాజుల బొమ్మలతోపాటు పెచ్చులూడిన గోడల బొమ్మలనూ పటం కట్టి పెడతారు. పగుళ్లు, వానచారలు, కుంగిన దూలాలు, వాటి నీడన బేరాలాడే జనం. ఆదోనిలో పండగొస్తే మనం అలాంటి గోడకు సున్నం కొడతాం. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మిద్దె పడగొట్టి స్లాబు వేస్తాం.

ఇలాంటి బొమ్మలకు పేరుపడ్డవాడు శామ్యూల్ ప్రౌట్. 1783లో ప్లిమత్‌లో పుట్టాడు. చిన్నప్పుడు తగిలిన వడదెబ్బ వల్ల బతికినన్నాళ్లూ తలనొప్పితో బాధపడ్డాడు. నెపోలియన్ యుద్ధాలు ముగిసి దారులు తెరుచుకున్నాక, 1819 ప్రాంతంలో ఫ్రాన్సులోని రువాన్ చేరాడు. తర్వాత న్యూరెంబర్గ్, ప్రాగ్, వెనిస్. రెల్లుకలంతో తెగుతూ, వణుకుతూ సాగే గీత ఆయనది. రాతికి వచ్చిన ముసలితనం ఆ గీతలో తెలిసిపోతుంది.

ఇంగ్లీషువాళ్లకు పాతగోడల మీద అంత మక్కువ ఎందుకు కలిగింది? అప్పటికి వాళ్ల ఊళ్లను మిల్లుల పొగ కమ్ముకుంటోంది. ఎక్కడో చెక్కుచెదరని పాత వీధి ఉందంటే ప్రాణం అటు లాగేది. కానీ ఆ మిల్లుల గుడ్డే మన నేతగాళ్ల నోటి దగ్గర కూడు తీసింది. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నేతపనివారి సహకార సంఘం పెట్టాల్సి వచ్చిందంటే, ఆ దెబ్బ ఎంతకాలం వెంటాడిందో చూడండి. ఈ బొమ్మల ముందు నిలబడితే అదే గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ప్రౌట్ బొమ్మల పుస్తకం 1833లో రస్కిన్ల ఇంటికి చేరింది. అది చూసి ఇంటిల్లిపాదీ ఆ ఊళ్లు చూడ్డానికి బయల్దేరారు. తర్వాత కళావిమర్శకుడిగా పేరుపడ్డ జాన్ రస్కిన్ వయసు అప్పటికి 14. పాత కట్టడాన్ని కొత్తదానిలా మార్చడమంటే దాన్ని చంపడమేనని 1849లో ఆయనే గట్టిగా వాదించాడు. ఆ బాటలోనే కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో పాత భవనాల రక్షణకు సంఘం పెట్టాడు.

కట్టడాల మీద ఇలాంటి ప్రేమ మనకు కొత్త కాదు. ఔరంగజేబు సేన ఆదోనిని ముట్టడిస్తే బిజాపూరు తరఫున ఏలుతూ వచ్చిన సిద్ది మసూద్ ఖాన్ లొంగలేదు. చివరికి ఫిరంగులు జామియా మసీదు వైపు తిప్పారట. ముచ్చటపడి కట్టించుకున్న మసీదు కూలడం చూడలేక ఆయన కోట అప్పగించాడని చెబుతారు. ఒక్క కట్టడం కోసం రాజ్యం వదులుకున్న మనిషి! అంత ప్రేమ నాకు రస్కిన్ రాతల్లోనూ కనబడదు. ఆ మసీదు, దాని వెనక బారాఖిల్లా కొండ మీద వాలే పొద్దు తలుచుకుంటే ఇక్కడ ఏ పనీ తోచదు.

ప్రౌట్ గీసిన న్యూరెంబర్గ్ పాతఊరు 1945 జనవరి బాంబుదాడిలో చాలామటుకు నేలమట్టమైంది. ఆయన కాగితాలు నిలిచాయి. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలారా, కోట గుమ్మాలనూ, మట్టిమిద్దెలనూ, గుంటమగ్గాలున్న ఇళ్లనూ ఉన్నవి ఉన్నట్టు గీసిపెట్టండి. సున్నం వేసేదాకా ఆగకండి.