వాన మొదట పడేది కొండమీదే

ఆమదాలవలస దగ్గర నాగావళి పొంగితే తోటపల్లి గేట్లు ఎత్తారా అని అడుగుతాం. ఆ నీరు అంతకుముందే ఒడిశా కొండల్లో కురిసిన వాన. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఈ నదే రైలు వంతెనను లాక్కుపోయింది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గోపాలపూర్, కళింగపట్నం మధ్య దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. లెక్క తప్పలేదు. అయితే అందరి కళ్లూ సముద్రంవైపే. పక్కనున్న గజపతి జిల్లా బరఘరలో వానకు గుహలో తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా పోయారు.

స్థానిక సంస్థలను సంప్రదించాకే జిల్లా ప్రణాళిక రాయాలని 2005 విపత్తు నిర్వహణ చట్టంలోనే ఉంది. ఏ చరియ మెత్తబడిందో, ఏ గెడ్డ నీరు ఎర్రబడిందో పోడు చేసే మావాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ కబురు ఆమదాలవలసకూ కావాలి.