ఎత్తుకు పైఎత్తు వెయ్యరూ!

ఒకరిచేత కొత్త పచ్చడి రుచి చూపించడం తేలిక. కొత్తచీర కొనిపించడం మరీ తేలిక. కాని కొత్త ఆట ఆడించాలంటే మాత్రం బ్రహ్మతరం కాదండీ! అందులోనూ బుర్ర పెట్టి ఆడాల్సిన ఆటైతే ఇక చెప్పనే అక్కర్లేదు. రాజమండ్రిలో మా వీధి స్నేహితురాళ్ళని ఒక కంప్యూటర్ ఆటలోకి దింపుదామని నేను పడుతున్న పాట్లు చూస్తే, గోదావరికి ఆనకట్ట కట్టించడమే ఇంతకంటే సులువేమో అనిపిస్తుంది.

ఆట పేరు 'సివిలైజేషన్'. నాగరికత అన్నమాట. 1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేశారు. ఆ తరవాత ఎన్నో రూపాలు మార్చుకుంది గాని, నా దగ్గరున్నది పాతదే. క్రీస్తుపూర్వం 4000లో మొదలవుతుంది. చేతిలో పిడికెడు జనం, చుట్టూ తెలియని నేల. ఊరు కట్టాలి, పొలాలకి నీరు పారించాలి, అక్షరాలు కనిపెట్టాలి, పొరుగురాజుతో సంధో సమరమో తేల్చుకోవాలి. చదరంగంలోలాగా మన ఎత్తు మనం వేశాకే అవతలివాళ్ళ ఎత్తు. తొందరేం లేదు. మధ్యలో లేచివెళ్ళి పప్పు దించుకుని రావచ్చు.

ఇంత సదుపాయమైన ఆటకీ అభ్యంతరాలు వచ్చిపడ్డాయి.

మొదటిది మేడమీది పిన్నిగారిది. "ఆటలు కొంపలు ముంచుతాయమ్మా! ద్రౌపది గతేమయిందీ?" అన్నారావిడ.

ఆ మాట అనే హక్కు రాజమండ్రివాళ్ళకి కాస్త ఎక్కువే ఉంది లెండి. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు తెలుగు చేసిన సభాపర్వంలోనే కదా ధర్మరాజు జూదం ఉన్నది! మన సాహిత్యం కళ్ళు తెరుస్తూనే చూసిన ఆట అది. అందులో పణంగా పెట్టింది ఆడదాన్ని. ఆటంటే మన ఇళ్ళల్లో భయం పుట్టిందంటే పుట్టదూ మరి?

కాని పిన్నిగారూ, అది పాచికల ఆట. పాచిక ఎటు పడితే అటు బతుకు. చతురంగం సంగతి వేరు. రథ గజ తురగ పదాతులనే నాలుగంగాల సేనని పలకమీదికి తెచ్చిన ఆట. 7వ శతాబ్దంలో బాణుడి హర్షచరిత్ర నాటికే దాని ప్రస్తావన ఉంది. మనం ఇప్పుడు ఆడే చదరంగంలో పాచికల పనే లేదు. అదృష్టానికి చోటు లేని చోట శకునికి ఉద్యోగం ఉండదు.

అన్నట్టు ఇంకో ముచ్చట. ఈ ఆట పారశీకం మీదుగా, అరబ్బుల చేతుల మీదుగా ఐరోపా చేరింది. అక్కడ మన మంత్రిగారు రాణిగారైపోయారు. మొదట్లో ఆ కాయ మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. 15వ శతాబ్దం చివర్లో దానికి ఎటైనా ఎంతదూరమైనా వెళ్ళే అధికారం వచ్చింది. మన ఇళ్ళల్లో ఇప్పటికీ దాన్ని మంత్రి అనే అంటాం. పేరు ఏదైనా పెత్తనం మాత్రం దానిదే.

రెండో అభ్యంతరం పక్కింటి వదినగారిది. "యుద్ధాలూ, కత్తులూ... అవి మగపిల్లల ఆటలండీ" అన్నారు.

అందులో కొంత నిజం లేకపోలేదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి పటం మీద దిమ్మలు కదుపుతూ ఆడే యుద్ధపు ఆటని పై అధికారులకి చూపించాడు. అది సైనికుల శిక్షణలో భాగమైపోయింది. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికుల ఆట మీద ఒక పుస్తకం రాశాడు. అబ్బాయిల ఆటలు ఇష్టపడే 'తెలివైన' అమ్మాయిలకి కూడా ఇది పనికొస్తుందని ఆ పుస్తకం పేరులోనే చేర్చాడు మహానుభావుడు! మెచ్చుకున్నాడో, మొట్టికాయ వేశాడో మీరే చెప్పండి.

కాని వ్యూహం మనకి వెల్స్‌గారు నేర్పాలా? వామనగుంటలు ఎవరి ఆట? మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక అరుగు మీద అమ్మమ్మలు ఆడిన ఆట. అటు ఏడు గుంటలు, ఇటు ఏడు. గుప్పెట్లో చింతపిక్కలు. ఏ గుంటలోంచి తీస్తే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే కంటితో లెక్కకట్టేవారు. కాగితం లేదు, పెన్సిలు లేదు.

పులిజూదం మాటేమిటి? మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీంచి దూకి చంపుతుంది. మేకకి చంపే శక్తి లేదు. అన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి, పులికి అడుగు తీసి అడుగు వేసే చోటు లేకుండా చెయ్యడం ఒక్కటే దాని దారి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో కోడళ్ళుగా మెలిగినవాళ్ళకి ఈ వ్యూహం ఇంకొకరు విడమరిచి చెప్పాలటండీ?

మరి పేరు ఎవరికి వచ్చింది? 1883లో లండన్‌లో గొప్ప చదరంగం పోటీ జరిగింది. దానితోబాటు జరిపిన రెండో శ్రేణి పోటీకి 'విజయనగరం టోర్నమెంటు' అని పేరు. ఖర్చుకి సొమ్మిచ్చినది మన విజయనగరం మహారాజావారు, గురజాడవారిని ఆదరించిన ఆనందగజపతే. తెలుగు ఊరి పేరు లండన్ పలక మీదికెక్కింది గాని, ఆడినవాళ్ళ పట్టికలో ఆడవాళ్ళు లేరు. ఆ తరవాత 119 ఏళ్ళకి, 2002లో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్నవయసులో ఆ హోదా అందుకున్న ఆడపిల్ల లేదు. మన తుని అమ్మాయి బొడ్డా ప్రత్యూష కూడా మహిళా గ్రాండ్‌మాస్టరే. మగపిల్లల ఆట అనడానికి ఇంకా ఏం మిగిలింది?

మూడోది రిటైరైన టీచరుగారి మాట. "అంత టైమెక్కడిదమ్మా?"

ఇది మాత్రం చరిత్ర చూపించి కొట్టిపారేసే మాట కాదు. 2017లో పాపని కన్న హంపి, 2019లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో ద్రోణవల్లి హారిక నిండు గర్భిణిగా బల్లముందు కూర్చుంది. ఆ జట్టుకి కంచు పతకం వచ్చింది. వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కాని అందరికీ ఆ అండ ఎక్కడ దొరుకుతుంది? మగవాళ్ళు క్లబ్బులో పేకాడి పొద్దుపోయాక వస్తే, ఆ కాలాన్ని ఎవరూ లెక్క అడగరు. మనం గంటసేపు ఆడుకుంటే మాత్రం "ఇవాళ ఏం పనిలేదా?" అని అడుగుతారు. అసలు పులి ఈ ప్రశ్నే!

అందుకే నియమాలు వివరించడం మానేసి, ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాను. "వదినగారూ, ఈ ఊరికి నీళ్ళు ఎటునుంచి తెద్దామంటారు?"

పాత రూపంలో ఒక తమాషా ఉంది. నీటిపక్క పొలానికైనా, అప్పటికే తడిసిన పొలం పక్కదానికైనా తప్ప నీరు పారదు. అంటే కాలవలా గట్టు గట్టునా జరుపుకుంటూ పోవాలి. వదినగారి పుట్టిల్లు కోనసీమ. కరువుల్లో చితికిన ఈ సీమ, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఎలా పచ్చబడిందో ఇంట్లో వింటూ పెరిగిన మనిషి. "ముందు ఎగువ పొలం తడపండి, దిగువది దానంతటదే వస్తుంది" అన్నారు. అంతే! గంట తిరిగేసరికి మూడు ఊళ్ళు కట్టేశారు.

టీచరుగారు కూడా వచ్చి కూర్చున్నారు. గాంధీగారు ఈ ఆటలో అణుబాంబులతో బెదిరిస్తారని ఎవరో చెబితే మండిపడ్డారు. లెక్కలో పొరపాటువల్ల ఆయన అలా తయారయ్యారని చాలాకాలం ఒక కథ ప్రచారంలో ఉండేది. 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో, అలాంటి పొరపాటేదీ లేదని సిడ్ మేయర్ తేల్చేశాడు. అది చెప్పాక శాంతించారు.

అంతలోనే ఇంకో ప్రశ్న వేశారు. ఆటలో దారిపక్క చిన్న గూడేలు కనిపిస్తాయి. మన మనుషులు అడుగుపెడితే ఒక్కోసారి బంగారం ఇచ్చి, ఒక్కోసారి విద్య ఇచ్చి ఆ గూడెం మాయమైపోతుంది. "మరి అందులోవాళ్ళు ఏమయ్యారమ్మా?" అన్నారావిడ. నాకు నోట మాట రాలేదు. మన గోదావరి ఎగువనే 1879లో రంప తిరుగుబాటు లేచింది. అడవి మీద ఆంక్షలూ, కల్లు మీద పన్నూ దానికి కారణాల్లో కొన్ని. 1922లో అల్లూరి సీతారామరాజు లేచిందీ ఆ మన్యంలోనే. నాగరికత వచ్చిందని ఎవరో రాసుకున్న చోట, ఎవరి పోడో పోయింది. అచ్చయిన ఏ నియమాల పుస్తకంలోనూ లేని ప్రశ్నని, టైము లేదన్న టీచరుగారే అడిగారు!

ఇప్పుడు ఆవిడ మా ఇంటికి వారానికి రెండు రోజులొస్తారు. గూడేల జోలికి వెళ్ళకుండా ఆడి గెలవచ్చో లేదో చూస్తున్నారు. వదినగారి చూపు ఎప్పుడూ కాలవల మీదే. పిన్నిగారు మాత్రం కంప్యూటర్ ముట్టుకోరు. ముట్టుకోరు గాని, మెట్లు దిగుతూ రోజూ అడుగుతారు: "అమ్మాయ్, ఆ మూడో ఊళ్ళో ధాన్యం సరిపోయిందా?"