ఇంద్రేశం బండ్లలో సీడీల కాలం: ఒక సింహావలోకనం

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో పాటకూ బండికీ ఉన్న చుట్టరికం పాతది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, ఆ తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు వచ్చాక ఇంద్రేశం, ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం లాంటి ఊళ్ళల్లో వ్యవసాయంతో పాటు స్టీరింగు కూడా బతుకుదెరువైంది. లక్డారం క్వారీల కంకర మోసే టిప్పర్లు, షిఫ్టు మారే వేళ కార్మికుల్ని చేరవేసే వ్యాన్లు, బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు మధ్య తిరిగే సెవెన్ సీటర్ ఆటోలు, ముంబై హైవే మీద రాత్రంతా పోయే లారీలు. వీటన్నిటిలోనూ డ్రైవరుకు తోడు పాటే. ఆ పాట క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవుకి, అక్కడి నుంచి ఫోనుకి మారిన నలభై ఏళ్ళలో ఇంట్లో రైట్ చేసిన సీడీ మన బండ్లలో రాజ్యమేలింది మహా అయితే పదేళ్ళు. కాని మామూలు మనిషి తన పాటల్ని తానే ఏరుకుని, వరస పెట్టుకుని, మొండికేసిన సెట్టుతో కుస్తీ పట్టి మరీ పాడించుకున్న కాలం అదే. ఆ పదేళ్ళకు ఇవ్వాల్సినంత విలువ మనం ఇవ్వలేదని నా అభిప్రాయం.

అంతకు ముందున్నది క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో దాన్ని లోకానికి పరిచయం చేస్తే, మన దేశంలో పల్లెపల్లెకూ చేరింది 1980లలో, టీ-సిరీస్ లాంటి కంపెనీలు ధర దించాకనే. సినిమా పాటల క్యాసెట్ కొనడం ఒక పద్ధతి. కావలసిన పాటల చీటీ రాసి, అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో ఖాళీ క్యాసెట్ ఇచ్చి, దుకాణంలో ఎక్కించుకోవడం రెండో పద్ధతి. గాయకుడు గద్దర్ పుట్టిన తూప్రాన్ కూడా మన అప్పటి మెదక్ జిల్లాలోదే. ఆయన పాట క్యాసెట్ల మీద చేతులు మారుతూ ఊళ్ళు తిరిగింది. క్యాసెట్‌కి ఒక పెద్ద గుణం ఉంది. టేపు సాగినా, హెడ్డుకు మట్టి పట్టినా గొంతు బొంగురుపోయేదే తప్ప పాట ఆగేది కాదు. సీడీ అలా కాదు, పాడితే శుభ్రంగా పాడుతుంది, లేదంటే అసలు పాడదు.

ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో సీడీ ప్రమాణాలు ఖాయం చేశాయి. 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. 1984కల్లా పయనీర్ కారులో పెట్టే సీడీ ప్లేయరు తెచ్చింది. ఆ ఏటికి మన దగ్గర మారుతి 800 రోడ్డెక్కి ఏడాది దాటలేదు, దానిలో క్యాసెట్ ప్లేయరే వైభోగం. సీడీ ప్లేయరు మన బండ్లలోకి రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది, 2000లో క్వాలిస్ వచ్చింది, వాటి వెనక ఐటీ ఉద్యోగుల్ని దింపే క్యాబ్‌ల వ్యాపారం వచ్చింది. క్వాలిస్‌కో, సుమోకో, ఇండికాకో కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సెట్టు బిగించుకుని తిరగడం ఆ డ్రైవర్లకు ముచ్చట.

సెట్టు కొన్నాక మొదలయ్యేది అసలు కథ. కొన్న సినిమా సీడీ పాడేది, రైట్ చేయించిన సీడీ పెడితే లోపల చక్రం రెండు మూడు సార్లు గిర్రున తిరిగి, టిక్కు టిక్కుమని, తెర మీద "నో డిస్క్" అనో "ఎర్రర్" అనో చూపించి బయటికి తోసేసేది. అదే సీడీ ఇంట్లో కంప్యూటర్లో హాయిగా పాడేది. డ్రైవరు సెట్టు అమ్మినవాణ్ణి తిట్టేవాడు, వాడు సీడీ రైట్ చేసినవాణ్ణి తిట్టేవాడు. నిజానికి చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండేది కాదు. ఆ వస్తువు స్వభావమే అంత.

ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సీడీలో పాట సన్నని గుంటల రూపంలో ఉంటుంది, దాని మీద అల్యూమినియం పూత ఉంటుంది. జపాన్‌కు చెందిన తైయో యుదెన్ 1988లో తయారుచేసిన రైట్ చేసుకునే సీడీలో, అంటే సీడీ-ఆర్‌లో, గుంటలు ఉండవు. అడుగున ఒక రసాయన రంగు పూత ఉంటుంది. రైటర్ లేజరు దాన్ని చోటుచోటునా కాల్చి మచ్చలు చేస్తుంది. చదివే లేజరు ఆ మచ్చల్నే గుంటలని భ్రమపడాలి. ఖాళీ సీడీ వెనక కనబడే ఆకుపచ్చ, నీలం ఛాయ ఆ రంగుదే. అచ్చు సీడీ తన మీద పడ్డ కాంతిలో 70 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. మామూలు సీడీ-ఆర్ దాదాపు ఆ దరిదాపుల్లోనే నిలుస్తుంది. చెరిపి మళ్ళీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ మాత్రం 15 నుంచి 25 శాతం దగ్గరే ఆగిపోతుంది. పాత కారు సెట్టు కన్నుకు అది ఖాళీ రేకుతో సమానం. పొదుపు అనుకుని ఆర్‌డబ్ల్యూ కొన్నవాళ్ళందరూ దెబ్బతిన్నది ఇక్కడే. ఇంకొకటి, 74 నిమిషాల సీడీ కంటే 80 నిమిషాల సీడీలో పాట చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పాత సెట్లు ఆ ఇరుకు దారిలో తడబడేవి.

ఈ సంగతులు పుస్తకం చదివి కాక, పది సీడీలు పాడుచేసుకుని నేర్చుకున్నవాళ్ళు సీడీ రైటింగ్ దుకాణాల కుర్రాళ్ళు. ఇంటర్నెట్ సెంటర్, జిరాక్స్, సీడీ రైటింగ్ ఒకే బోర్డు కింద ఉండేవి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన కంప్యూటరు, జర్మనీ వాళ్ళ నీరో సాఫ్ట్‌వేరు, బల్ల మీద యాభై ఖాళీ సీడీల డబ్బా. పని తెలిసినవాడు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, మీ సెట్టు ఎంపీ3 పాడుతదా, ఉత్త ఆడియోనా?" ఆడియో అయితే ఎనభై నిమిషాలకు మించదు, అంటే పదిహేను పదహారు పాటలు. ఆపైన డిస్క్-ఎట్-వన్స్ పెట్టి, ఒక్క ఊపులో రాసి, చివర ముగింపు వేసేవాడు. దాన్నే ఫైనలైజ్ అనేవాళ్ళు. ఆ ముగింపు లేకపోతే సీడీ మొదట్లో ఉండాల్సిన పాటల పట్టిక ఉండదు, అది లేనిదే కారు సెట్టు సీడీని గుర్తుపట్టదు. ఇంకో నాలుగు పాటలు తర్వాత ఎక్కిద్దామని సీడీని తెరిచి ఉంచినవాళ్ళకు సగం కష్టాలు అందుకే. వేగం కూడా ముఖ్యమే. 52 రెట్ల వేగంతో మూడు నిమిషాల్లో పని అయిపోతుంది, 8 రెట్లతో పది నిమిషాలు పడుతుంది. నాసిరకం సీడీ మీద ఆ తొందర మచ్చల అంచుల్ని చెదరగొడుతుంది. కంప్యూటర్ డ్రైవు సర్దుకుని చదువుకుంటుంది, కుదుపుల్లో తిరిగే కారు సెట్టు సర్దుకోలేదు.

2000 తర్వాత ఎంపీ3 పాడే సెట్లు రావడంతో లెక్క మారిపోయింది. 700 ఎంబీల సీడీలో దాదాపు పన్నెండు గంటల పాటలు పట్టాయి. ఇంద్రేశం నుంచి ముంబైకి పోయే లారీకి ఒక్క సీడీ దాదాపు దారంతా సరిపోయేది. ఇక్కడా పట్టింపులున్నాయి. చాలా సెట్లు 255 ఫైళ్ళకు మించి చూడవు. ఫోల్డరులో ఫోల్డరు పెడితే దారి తప్పుతాయి. పేరు ముందు 1, 2 అని రాస్తే ఒకటి తర్వాత పది పాడతాయి, అందుకే 01, 02 అని రాయాలి. డ్రైవర్లు ఈ కిటుకులు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఘంటసాల ఒక ఫోల్డరు, ఇళయరాజా ఒకటి, అయ్యప్ప పాటలు ఒకటి, బోనాల పాటలు ఒకటి. ఆ వరసలో ఒక్కో ఇంటి అభిరుచి కనబడేది. ఫోనే తోచిన పాటలు పాడిస్తున్న ఈ రోజుల్లో అలాంటి వరస ఎవరు రాసుకుంటున్నారు?

ఖాళీ సీడీ ధర పది పదిహేను రూపాయలకు దిగిందంటే నోయిడాలోని మోజర్ బేర్ పాత్ర పెద్దది. 1999లో సీడీ-ఆర్ తయారీలోకి దిగిన ఆ కంపెనీ ప్రపంచంలోని అతిపెద్ద తయారీదారుల్లో ఒకటైంది. ఆ చవక వల్లనే దొంగ సీడీలు కూడా పెరిగాయి, సినిమా పాటల కంపెనీలు తీవ్రంగా నష్టపోయాయి. అది తప్పే, దాన్ని సమర్థించలేం. కాని ఆ చవకే ఏ కంపెనీ గడపా ఎక్కలేని ఊరి గాయకులకు మొదటిసారి దారి ఇచ్చింది.

మన దుమ్ము గురించి వేరే చెప్పాలి. టిప్పర్లు తిరిగే రోడ్ల మీద సన్నని రాతి పొడి సీడీ దూరే సందులోంచి లోపలికి పోయి లెన్సు మీద కూర్చుంటుంది. ముందు ఆర్‌డబ్ల్యూ ఆగిపోతుంది, తర్వాత సీడీ-ఆర్, చివరికి అచ్చు సీడీ కూడా. సెట్టు బిగించే మిస్త్రీ వెనక పట్టీ బోల్టు వదిలేస్తే ప్రతి గుంతకూ పాట ఎగిరిపోతుంది. ఎండాకాలంలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి సీడీ మీద అంటించిన కాగితం లేబుల్ లేచి లోపలే ఇరుక్కుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు మార్కరుతో పేరు రాసి వదిలేసేవారు.

సీడీ ఈ ప్రాంతంలో ఉచ్చస్థితికి చేరింది తెలంగాణ ఉద్యమ కాలంలో. 2009 చివరి నుంచి 2014 జూన్ దాకా ధూంధాం పాటలు ఊరేగింపు జీపుల్లో, ట్రాక్టర్ల మీది సౌండు బాక్సుల్లో మోగాయి. రాత్రి రైట్ చేసిన సీడీ పొద్దున మీటింగులో వినిపించేది. బోనాలకు, బతుకమ్మకు, రుద్రారం గణేశ్ గడ్డ ఉత్సవాలకు, యూనియన్ ఎన్నికలకు ఊరి గాయకులు పాడినవి అలాగే వచ్చాయి.

తర్వాత అంతా వేగంగా జరిగింది. సెట్ల ముందు భాగంలో యూఎస్‌బీ సందు వచ్చింది. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు మెమరీ కార్డుల్లో తమ పాటలు ఎక్కించుకోవడంతో దుకాణాలు కొన్నాళ్ళు బతికాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లా వయసూ చవక డేటా వయసూ ఒకటే. మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌లోకి పోయింది. కొత్త కార్లలో సీడీ పెట్టే సందే లేదు.

సినిమా పాటలకు ఏ ఢోకా లేదు, అవి ఫోనులో దొరుకుతాయి. ఊరి గాయకుల పాటల సంగతే నన్ను కలతపెడుతోంది. వాటిలో చాలా వాటికి రైట్ చేసిన సీడీయే ఏకైక ప్రతి. ఎండకు, వేడికి ఆ రంగు పూత ఏటికేడు వెలిసిపోతోంది. ఇంద్రేశంలో, చుట్టుపక్కల ఊళ్ళల్లో అటక మీద డబ్బాలు ఇంకా ఉన్నాయి. కారు సెట్టు తోసేసిన సీడీని కూడా కంప్యూటర్ డ్రైవు చాలాసార్లు చదువుతుంది, కాబట్టి పనికిరాదని పారేయకూడదు. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. ఒక డ్రైవు చదవకపోతే మరో డ్రైవులో పెట్టి, వేగం తగ్గించి చూడాలి. ఆడియో సీడీ అయితే కుదించకుండా వేవ్ ఫైళ్ళుగా తీయాలి, ఎంపీ3లను ఉన్నవున్నట్టు కాపీ చేయాలి. సంగారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక కంప్యూటరు, ఒక డ్రైవు కేటాయిస్తే ఊరూరి నుంచి తెచ్చి ఇవ్వడానికి జనం ఉన్నారు. పాడిన మనిషి పేరు, ఊరు, ఏడాది మాత్రం ఇప్పుడే అడిగి ఫైలు పక్కన రాసిపెట్టాలి. మార్కరు రాత సీడీ కంటే ముందే చెరిగిపోతోంది, ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు.