వేరుశనగ కాండం కుళ్ళు వైరస్ తెగులు

వేరుశనగ కాండం కుళ్ళు తెగులు టొబాకో స్ట్రీక్ వైరస్ వల్ల వస్తుంది. లేత మొక్క చిగురు ఆకుల మీద మొదట గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి తొడిమలోకి, అక్కణ్ణుంచి కాండంలోకి దిగుతాయి. మొవ్వు మాడి, మొక్క నిలువునా ఎండిపోతుంది. కాస్త ముదిరాక సోకితే మొక్క బతుకుతుంది గానీ గిడసబారుతుంది. కాయల మీద నల్లటి మచ్చలు పడి గింజ చిన్నదవుతుంది. బూజు వల్ల వచ్చే మొదలుకుళ్ళుకూ దీనికీ సంబంధం లేదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల రెంటినీ కలిపేసి, పనికిరాని మందు కొట్టే ప్రమాదం ఉంది.

ఈ తెగులు చరిత్ర అనంతపురం జిల్లాతో ముడిపడి ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, పలచటి ఎర్రనేలలు, వరుసగా వచ్చే కరువులు. వీటిని తట్టుకుని నాలుగు డబ్బులు తెచ్చే పంటగా చెనిక్కాయ, అంటే వేరుశనగ, ఇక్కడ లక్షల హెక్టార్లకు పాకింది. దేశంలో ఇంత వేరుశనగ ఒక్కచోట పండించే జిల్లా మరొకటి లేదన్న పేరు వచ్చింది. జూన్, జూలైల్లో పదును దొరికిన కొద్ది రోజుల్లోనే జిల్లా అంతా గొర్రు కడుతుంది. అంటే ఒకే పంట, ఒకే వయసు మొక్కలు, కనుచూపు మేర. గాలిలో వచ్చే తెగులుకు ఇంతకన్నా అనువైన నేల ఉండదు.

2000 ఖరీఫ్‌లో అదే జరిగింది. సుమారు 2,25,000 హెక్టార్లలో, అంటే ఐదున్నర లక్షల ఎకరాల్లో, లేత మొక్కలు చచ్చిపోయాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. అప్పుచేసి విత్తనకాయలు కొన్న రైతుకు ఆ ఏడు మళ్ళీ విత్తుకునే అదును కూడా మిగల్లేదు.

మొదట అందరూ దీన్ని మొవ్వుకుళ్ళు అనుకున్నారు. ఆ పొరపాటు సహజమే. మొవ్వుకుళ్ళు తెలుగు రైతుకు పాత శత్రువు. పీనట్ బడ్ నెక్రోసిస్ అనే వేరే వైరస్ వల్ల వస్తుంది. ఈ కొత్త తెగులు లాగే దాన్నీ తామర పురుగులనే చిన్న కీటకాలే మోస్తాయి, మొవ్వు అందులోనూ మాడుతుంది. అయితే మొవ్వుకుళ్ళులో ఆకుల మీద వలయాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి, పక్క కొమ్మలు గుబురుగా పుట్టుకొస్తాయి, మొక్క పొట్టిగా పొదలా మిగిలిపోతుంది. అనంతపురం చేలల్లో మొక్కలు గుబురు కట్టడం లేదు, చస్తున్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వైరస్‌ను గుర్తించే ఎలీసా పరీక్ష చేస్తే మొవ్వుకుళ్ళు వైరస్ ఆచూకీ దొరకలేదు. చివరికి వైరస్ పైతొడుగు ప్రొటీన్ జన్యువును చదివి, అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ పరిశోధన 2002లో ప్రచురితమైంది.

ఈ వైరస్‌ను 1936లో అమెరికాలో జేమ్స్ జాన్సన్ పొగాకు మీద వర్ణించాడు. ఆకుల మీద చారలు పడటం వల్ల ఆ పేరు వచ్చింది. మన ప్రాంతంలో ఇది 1997లో పొద్దుతిరుగుడు మీద బయటపడింది. అది కూడా ఎక్కడో కాదు, అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కర్ణాటక బాగేపల్లి దగ్గర. మూడేళ్ళ ముందే గడపదాకా వచ్చిన తెగులన్నమాట.

వ్యాపించే తీరులోనే ఈ తెగులు కీలకం ఉంది. మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు ఒంట్లోకి పోయి, అక్కడ పెరిగి, పురుగు బతికినన్నాళ్ళూ దానితోనే ఉంటుంది. టొబాకో స్ట్రీక్ వైరస్‌కు పురుగు ఒంటితో పనిలేదు. అది పుప్పొడిలో ఉంటుంది. జబ్బు మొక్క పువ్వులో తిరిగిన తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. గాలికి ఎగిరొచ్చిన పుప్పొడి చెనిక్కాయ ఆకుల మీద కూడా రాలుతుంది. పురుగు లేత ఆకును గీరి రసం పీల్చినప్పుడు పడిన గాయంలోంచి ఆ పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది. మిల్లీమీటరు పొడవు కూడా సరిగా ఉండని పురుగు చేసే గీత చాలు.

మరి అంత పుప్పొడి ఎవరిది? వయ్యారిభామది. 1950ల్లో పుణె దగ్గర తొలిసారి నమోదైన ఈ అమెరికా కలుపు దేశమంతా అల్లుకుంది. తొలి జల్లులకే బీళ్ళలో, బాటల పక్కన, గట్ల మీద మొలుస్తుంది. నెల, నెలన్నరకే పూతకొస్తుంది. వైరస్ సోకినా దాని మీద ఏ లక్షణమూ కనపడదు, పచ్చగానే ఉంటుంది. చెనిక్కాయ మొలకెత్తే వేళకు పక్క బీడులో ఇది తెల్లగా విరబూసి ఉంటుంది. వానలు కలుపును పెంచుతాయి, తర్వాత వచ్చే బెట్ట తామర పురుగును పెంచుతుంది. కరువుసీమ వాతావరణంలో ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవే.

చెనిక్కాయ మాత్రం ఈ తెగులును పక్క మొక్కకు అంటించే పాపం మూటగట్టుకోలేదు. దాని పువ్వు తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది, పుప్పొడి బయటికి రాదు. లేతగా సోకిన మొక్క పూత దాకా బతకదు కూడా. అందుకే చేలోని జబ్బు మొక్కల్ని పీకెయ్యడం వల్ల ఒరిగేది లేదు. ఖాళీలు పడితే తామర పురుగులు మరింతగా వాలతాయి. చేను పాడయ్యేది చేను బయటి నుంచి. ఈ ఒక్క సంగతి తెలిస్తే తెగులులో సగం అర్థమైనట్టే.

మొక్క కణంలోకి దిగాక వైరస్ చేసే పని చూద్దాం. దీని జన్యుసామగ్రి మూడు ఆర్‌ఎన్‌ఏ పోగులు. అవి కణంలోని రైబోజోముల మీదికి నేరుగా ఎక్కి తమకు కావలసిన ప్రొటీన్లు చేయించుకుంటాయి. అయితే ఆ పోగులకు పైతొడుగు ప్రొటీన్ తోడు లేకపోతే జబ్బు మొదలుకాదు. ఈ వైరస్ కుటుంబానికి ఉన్న విచిత్రమైన షరతు ఇది. ఆర్‌ఎన్‌ఏకు నకళ్ళు తీసేటప్పుడు కాసేపు జంటపోగులు ఏర్పడతాయి. మొక్క పట్టుకునేది వాటినే. డైసర్ జాతి ఎంజైములు జంటపోగును ఇరవై చిల్లర అక్షరాల ముక్కలుగా తరుగుతాయి. ఆ ముక్కల్ని ఆనవాలుగా పెట్టుకుని ఆర్గొనాట్ ప్రొటీన్లు వాటికి జత కుదిరే అక్షరాలున్న వైరస్ పోగుల్ని వెతికి నరుకుతాయి.

ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని మొక్కల్లో మొదట చూపినవారు ఇంగ్లండ్‌లో హామిల్టన్, బోల్కోంబ్. అది 1999, అనంతపురం చేలు మాడటానికి ముందటి ఏడాది. జంటపోగు ఆర్‌ఎన్‌ఏ జన్యువుల నోరు మూయించగలదని 1998లో నులిపురుగుల్లో చూపిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ దక్కింది. టొబాకో స్ట్రీక్ వైరస్ సోకిన పొగాకు మొక్క చారలు పడ్డాక కొన్నాళ్ళకు కోలుకుని మచ్చలేని కొత్త ఆకులు వేస్తుంది. ఈ రక్షణ పని చేస్తోందనడానికి అలాంటి కోలుకోవడాన్నే సాక్ష్యంగా చూపుతారు. లేత చెనిక్కాయకు అంత గడువు దొరకదు. ముందే చచ్చిపోతుంది.

మొక్కకు కాపలా కాసే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ ఆయుధం జంతువుల్లో కొన్నిచోట్ల చేతులు మారి వైరస్‌లకే దక్కింది. రెట్రోవైరస్‌లు తమ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసి కణం జన్యువుల మధ్య ఇరికించుకుంటాయి. వాటిలో ఒకటైన పశువుల ల్యుకేమియా వైరస్ జన్యువుల పనిని అణిచే మైక్రోఆర్‌ఎన్‌ఏలనే చిన్న ముక్కల్ని సొంతంగా తయారు చేస్తుందని 2012లో తేలింది. మైక్రోఆర్‌ఎన్‌ఏలను కోసే క్రమంలో తన జన్యుపోగు కూడా తెగిపోకుండా, వాటిని వేరే ఎంజైముతో విడిగా రాయించుకుంటుంది. వాటిలో ఒకటి ఆవు సొంత మైక్రోఆర్‌ఎన్‌ఏ అయిన మిర్-29కు నకలు లాంటిది. ఎయిడ్స్ వైరస్ కూడా ఇలాగే చేస్తుందని 2004 నుంచి వాదనలు వచ్చాయి. 2013లో లోతుగా వెతికితే చెప్పుకోదగ్గవేవీ కనపడలేదు. మనిషి కణమే ఇలాంటి ముక్కలతో ఆ వైరస్‌ను ఎదుర్కొంటుందనడానికి మాత్రం ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ వారు ఆధారం ఇచ్చారు. మనిషి మిర్-29ఎ ఎయిడ్స్ వైరస్‌కు చెందిన నెఫ్ అనే ప్రొటీన్‌ను అణచి, దాని పెరుగుదలను తగ్గిస్తుందని 2008లో చూపారు. ఒకే పోలిక ఉన్న ముక్క ఒకచోట వైరస్ వేషం, మరోచోట దేహానికి కాపలా.

చెనిక్కాయకు ప్రయోగశాల చేయగల సాయం రెండు దారుల్లో సాగింది. వేరుశనగ అడవి బంధువుల్లో కొన్ని ఈ వైరస్‌ను తట్టుకుంటాయని 2007లో ఇక్రిశాట్ బృందం గుర్తించింది. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన డైరెక్టరేట్ వారు కదిరి-6, కదిరి-134 రకాల్లోకి వైరస్ పైతొడుగు జన్యువునే చొప్పించారు. ఆ మొక్కలకు వైరస్ ఎక్కించినా లక్షణాలు రాలేదని 2013లో ప్రకటించారు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఈ రకాలనే ఎంచుకోవడం సరైన నిర్ణయం, రైతు ఇంట్లో ఉన్న గింజ అదే కదా. అయితే జన్యుమార్పిడి వేరుశనగకు మన దేశంలో సాగు అనుమతి లేదు.

కాబట్టి రైతు చేతిలో ఉన్నవి పాత పనిముట్లే. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కంచె పంటగా దట్టంగా వేస్తే ఎగిరొచ్చే పురుగులు, పుప్పొడి అక్కడే ఆగుతాయి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టిస్తే తొలి వారాల్లో తామర పురుగు తగ్గుతుంది. ఖాళీలు లేకుండా ఒత్తుగా విత్తుకోవాలి. భారతదేశంలోని ఈ వైరస్ రకం వేరుశనగ విత్తనం ద్వారా రాదని పరీక్షల్లో తేలింది గనక, సొంత విత్తనం దాచుకున్న రైతు ఆ విషయంలో బెంగపడనక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద పని వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం. ఆ మొక్క పెరిగేది ఎవరి పేరా లేని బాట పక్కన, చెరువు కట్ట మీద, పంచాయతీ బీడులో. ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకుంటే చాలదు. తొలి వానలు పడ్డ మూడు నాలుగు వారాల్లోపే ఊరంతా కలిసి దిగాలి.